మీకు తెలుసా? కందికి మెట్ట నేల, మినుముకు మాగాణి: పటమే చెబుతుంది

మెట్ట ప్రాంతమైన కామవరపుకోట ఎర్ర గరప నేలల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది. కందికి కావలసింది అదే, వేరు దగ్గర నీరు నిలిస్తే మొక్క బతకదు. కొల్లేరు సరస్సు వైపు నల్ల బంకమట్టిది వేరే కథ. అక్కడ కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలిచిన వరి చేలో మినుము చల్లేస్తారు. మిగిలిన పదునుతోనే పంట చేతికొస్తుంది.

ఏ చేనుకు ఏ అపరాలో తేల్చడానికి ఇప్పుడు జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) ఉంది. మట్టి లోతు, వాలు, వాన, చౌడు... ఒక్కోదానికి ఒక్కో పొర వేసి, అన్నిటినీ కలిపి చూస్తారు. ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ 1976లో ఇచ్చిన పద్ధతిలో ‘ఎస్1’ అంటే భేషైన నేల, ‘ఎన్’ అంటే పనికిరానిది.

వరి కోశాక ఖాళీగా ఉన్న మాగాణులను ఉపగ్రహం పట్టేస్తుంది. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు. ఎకరానికి సుమారు 40 గళ్లు. మబ్బు పట్టకపోతే అయిదు రోజులకో కొత్త చిత్రం. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) నడిపే ‘భువన్’ వెబ్‌సైట్‌లో భూవినియోగ పటాలు ఎవరైనా చూడొచ్చు.

అయితే పక్క చేపల చెరువు ఊట ఏ చేలోకి దిగుతోందో మాత్రం రైతునే అడగాలి.