కుటుంబ నియంత్రణ ఎవరి కుటుంబానికి?

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక నిబంధనను చట్టం నుంచి తొలగించింది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు పంచాయతీ, పురపాలక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధన అది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంతో వచ్చి, 1995 మే 30 తరువాత మూడో బిడ్డను కన్నవారందరికీ వర్తించి, మూడు దశాబ్దాల పాటు నడిచింది. రద్దుకు నెల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవారినే పోటీకి అర్హులను చేసే చట్టం తేవాలన్న ఆలోచనను బహిరంగంగా ప్రకటించారు. రాష్ట్రంలో సగటున ఒక స్త్రీ కంటున్న పిల్లల సంఖ్య 1.7కు పడిపోయింది కనుక పాలకుల ఆందోళనకు కారణం లేకపోలేదు. కానీ పొదిలి ప్రాంతపు మాదిగపల్లెలో పుట్టి పెరిగిన నాకు ఆ వార్త చూడగానే తోచిన ప్రశ్న వేరు. ఈ ముప్పై ఏళ్లలో ఆ నిబంధన ఎవరి నామినేషన్లను మింగింది?

పొదిలి, మర్రిపూడి, కొనకనమిట్ల మండలాల్లో ఎస్సీ మహిళకు కేటాయించిన సర్పంచ్ స్థానానికి అభ్యర్థిని వెతకడం ఎట్లా ఉంటుందో చూసినవారికి తెలుసు. పల్లెలో ఉన్నవే కొద్ది గడపలు. అందులో వయసు, ఆసక్తి, ఊరి పెత్తందారు ఎదుట నిలబడి మాట్లాడగల ధైర్యం ఉన్న స్త్రీలు ఇంకా కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మూడో కాన్పు అయినవారిని తీసివేస్తే మిగిలేది ఎవరు? పెత్తందారు చెప్పినచోట వేలిముద్ర వేసే మనిషి. రిజర్వేషన్ ఒక చేత్తో తెరిచిన తలుపును ఈ నిబంధన రెండో చేత్తో సగం మూసింది. నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఫలితాలను అధ్యయనం చేశారు. దెబ్బ తిన్నవారిలో ఎక్కువమంది దళితులు, ఆదివాసీలు, వెనుకబడిన కులాలవారేనని ఆమె తేల్చారు. పదవి కోసం భార్యను వదిలినవారు, బిడ్డను దత్తతగా చూపినవారు కూడా ఆ అధ్యయనంలో కనబడతారు. అయినా 2003లో హర్యానాకు చెందిన జావేద్ కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి చట్టం చెల్లుతుందనే చెప్పింది.

చట్టం కులం పేరు ఎత్తకుండానే ఈ పని చేసింది. కులం పేరు ఎత్తి చేసిన పనులు కూడా ఉన్నాయి. 2007లో కేంద్రం సవరించిన పరిహారపు పట్టిక అందులో ఒకటి. మన రాష్ట్రం వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రిలో ట్యూబెక్టమీ చేయించుకున్న స్త్రీ ఎస్సీ, ఎస్టీ లేదా దారిద్య్రరేఖకు దిగువన ఉన్నదైతే 600 రూపాయలు, కాకపోతే 250. వేసెక్టమీ చేయించుకున్న పురుషుడికి మాత్రం కులం, ఆదాయం చూడకుండా 1,100. పేదలకు ఎక్కువ ఇస్తే తప్పేమిటని అడగవచ్చు. ఆ డబ్బుకు ప్రభుత్వం పెట్టిన పేరు 'వేతన నష్టానికి పరిహారం'. నష్టపోయిన కూలికే పరిహారమైతే చూడవలసింది ఎన్ని రోజుల కూలి పోయిందన్నది. పట్టికలో కులం గడి ఉన్నదంటే, ఏ ఇంటి ఆడవాళ్లను ముందుగా బల్ల ఎక్కించాలో పట్టిక రాసినవారికి ఒక అంచనా ఉన్నదని అర్థం.

అంతకుముందు సంగతి ఇంకా స్పష్టం. కాన్పుల నియంత్రణలో లక్ష్యాలు విధించే పద్ధతిని 1996 ఏప్రిల్‌లో కేంద్రం ఎత్తివేసింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ తన సొంత జనాభా విధానం ప్రకటించింది. శాశ్వత పద్ధతి పాటించినవారికి మిగులు భూమి, ఇళ్ల స్థలాలు, ఎస్సీ, బీసీ కార్యాచరణ ప్రణాళికల ప్రయోజనాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని అందులో రాశారు. భూమి పంపకం మా హక్కు. దానిని ఆపరేషన్ సర్టిఫికెట్‌తో ముడిపెట్టడాన్ని ప్రోత్సాహకం అన్నారు.

మా పిన్నికి పదహారో ఏట పెళ్లయింది. ఇరవై ఒకటో ఏట, రెండో కాన్పు తరువాత ఆపరేషన్ చేశారు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నందున నెల తిరగకముందే మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే కూలీల లారీ ఎక్కింది. ముప్పై ఆరో ఏట గర్భసంచి కూడా తీసేశారు. ఈ వ్యాసం కోసం ఆమెను అడిగాను. "లూపనీ, మాత్రలనీ, సూదనీ ఉంటాయని నాకెవురు చెప్పారే అమ్మా? రెండోది పుట్టింది, పని కానిచ్చేశారు" అన్నది. మరి బాబాయి చేయించుకోవచ్చు కదా అంటే నవ్వింది. "ఆయన మూటలు మోసే మనిషి, బలం పోద్దన్నారు." ఆ ఏడాది కల్లంలో మిరపకాయల బస్తాలు ఆమె కూడా మోసింది.

పిన్ని మాటకు దేశవ్యాప్త లెక్కలు సాక్ష్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 69.6 శాతం ట్యూబెక్టమీ మీద ఆధారపడ్డారు. వేసెక్టమీ వాటా 0.4 శాతం. మాత్రలు, లూప్, కండోమ్, సూది, ఇతర పద్ధతులన్నీ కలిపినా ఒక శాతం చుట్టూనే. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. చిన్నవయసు పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఆపై ఆపరేషన్ అన్న వరుసలో స్త్రీ నిర్ణయించుకునే చోటు ఎక్కడా లేదు.

ఇక్కడే జాతీయ సంస్థల పని గురించి మాట్లాడాలి. 1949లో ధన్వంతి రామారావు, ఆవాబాయి వాడియాలు బొంబాయిలో ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. ప్రభుత్వం అధికారికంగా కార్యక్రమం మొదలుపెట్టడానికి ముందే నిలబడిన సంస్థ అది. 1970లో జె.ఆర్.డి. టాటా, భరత్ రామ్‌లు నెలకొల్పిన పాపులేషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ఇప్పుడు ఢిల్లీలో ఈ అంశం మీద గట్టిగా వినిపించే గొంతు. ఇద్దరు పిల్లల నిబంధనను, బలవంతపు నియంత్రణను ఆ సంస్థ బహిరంగంగా వ్యతిరేకించింది.

2014 నవంబరులో బిలాస్‌పూర్‌లో ఒకే సర్జన్ ఒకే శిబిరంలో కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. ఆ రోజుల్లో ఆ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది మరణించారు. వారిలో అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పేదలు. ఈ రెండు సంస్థలూ మరికొన్నిటితో కలిసి అక్కడికి వెళ్లి నివేదిక రాశాయి. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలో శిబిరాల పద్ధతిని మానాలని ఆదేశించింది. ఇది చిన్న విజయం కాదు.

అయినా ఈ సంస్థల భాషలో 'ఎంపిక' అన్న మాట వినబడినంతగా 'కులం' అన్న మాట వినబడదు. దానికి చరిత్ర ఉంది. మద్రాసులో 1928లో ఏర్పడ్డ నియో మాల్థూసియన్ లీగ్‌లో సర్ వేపా రామేశం వంటి హైకోర్టు న్యాయమూర్తులు, ఎక్కువగా బ్రాహ్మణ పురుషులు ఉన్నారు. వారి చింత పేదల సంఖ్య గురించి. అదే కాలంలో పెరియార్ గర్భనిరోధాన్ని స్త్రీ స్వేచ్ఛ కోసం అడిగారు. 1938 నవంబరు 10న బొంబాయి శాసనసభలో అంబేడ్కర్ తయారుచేసిన గర్భనిరోధ తీర్మానాన్ని పి.జె. రోహమ్ ప్రవేశపెట్టారు. ప్రసవవేదన పురుషుడే పడవలసి వస్తే ఎవరూ ఒక బిడ్డకు మించి కనడానికి ఒప్పుకోరని ఆ రోజు సభలో వాదించారు. తీర్మానం వీగిపోయింది. కనుక గర్భనిరోధం మాకు పరాయి విషయం కాదు, అది మా నాయకుల అజెండాలోనే ఉంది. మేము ఒప్పుకోనిది మా సంఖ్యను ఇంకొకరు లెక్కగట్టడాన్ని.

ఎంపిక అన్నది తెలిసి చేసుకునేదైతేనే ఎంపిక. 1985లో పటాన్‌చెరులో నెట్‌ఎన్ సూది ప్రయోగానికి వచ్చిన స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతే సరిగా చెప్పలేదు. హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన వెళ్లి చెప్పాక చాలామంది తిరిగి వెళ్లిపోయారు. ఆ తరువాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెక్కాయి. ఇప్పుడు 'అంతర' పేరుతో మరో సూది ప్రభుత్వాసుపత్రుల్లోకి వచ్చింది. దాని గురించి మా పల్లెలో ఏ భాషలో, ఎంతసేపు చెబుతున్నారో జాతీయ సంస్థలు వచ్చి వినాలి. ఆపరేషన్ల లెక్కలను కులంవారీగా, వయసువారీగా, జిల్లావారీగా బయటపెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి. పరిహారపు పట్టికలో కులం గడి ఎందుకున్నదో అడగాలి. ఆపరేషన్ తరువాత ఎన్ని రోజులు బరువు మోయకూడదో, అన్ని రోజుల ఉపాధి హామీ కూలి ఇప్పించమని అడగాలి.

పిన్ని కోడలికి ఇరవై రెండేళ్లు. రెండో కాన్పుకు నెలలు నిండుతున్నాయి. ఆపరేషన్ సంగతి ఏమనుకుంటున్నావని అడిగితే, అత్తను అడగమంది. అత్తేమో ఆశా కార్యకర్త వచ్చి చెబుతుందిలే అన్నది.