రాడార్‌కు బదులు పలికే పెట్టె

రాడార్ తన తొలి రూపంలో, విమానపు లోహదేహాన్ని తాకి వెనుదిరిగిన రేడియో తరంగాన్ని మాత్రమే పసిగట్టేది కనుక, ఆకాశంలో ఏదో ఎగురుతున్నదని, అది ఫలానా దిక్కున ఇంత దూరంలో ఉన్నదని చెప్పగలిగేదే తప్ప, అది ఎవరిదో చెప్పలేకపోయేది. ఆ లోపానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో రెండవ ప్రపంచ యుద్ధంలో దిగిన మూడు రోజులకే, 1939 సెప్టెంబరు 6న, బ్రిటన్‌కు తెలిసివచ్చింది. ఆ దేశపు స్పిట్‌ఫైర్లు శత్రువులనుకొని స్వపక్షపు హరికేన్ విమానాలను రెండింటిని కూల్చివేశాయి. రాడార్ తరంగం సోకగానే తనంతట తానే జవాబు ప్రసారం చేసే పెట్టెను విమానంలో అమర్చాలన్న యోచన అంతకు మునుపే ఉన్నా, దానిని త్వరపెట్టింది యుద్ధమే. నేటి ప్రయాణిక విమానాలలోని ట్రాన్స్‌పాండర్ ఆ సైనిక పరికరం నుంచి పుట్టినదే.

నేలమీది ద్వితీయ నిఘా రాడార్ 1030 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై ప్రశ్న పంపితే, ట్రాన్స్‌పాండర్ 1090 మెగాహెర్ట్జ్‌పై బదులిస్తుంది. సంప్రదాయ రీతి జవాబులో మొదలునూ చివరనూ సూచించే రెండు స్పందాల నడుమ, 20.3 మైక్రోసెకన్ల వ్యవధిలో, పన్నెండు స్పందాలకు చోటుంటుంది. అంకెకు మూడేసి చొప్పున వాటితో నాలుగంకెల సంకేతం ఏర్పడుతుంది. మూడు స్పందాలు ఉండటం, లేకపోవటం అన్నవి ఎనిమిది విధాలుగానే సాధ్యం కనుక, ఈ సంకేతాలలో 8, 9 ఎన్నడూ కనిపించవు, మొత్తం సంకేతాలు 4096కు మించవు. మరో రకం ప్రశ్నకు అదే పెట్టె తన ఎత్తును నూరేసి అడుగుల లెక్కన తెలుపుతుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించిన నాడు, ఢిల్లీ నియంత్రణాధికారుల వద్ద ఉన్నది వెనుదిరిగిన తరంగాన్ని మాత్రమే పసిగట్టే పాత తరహా ప్రాథమిక రాడారే కావటంతో, కజకిస్థాన్ విమానం తనకు నిర్దేశించిన 15,000 అడుగుల మట్టం నుంచి దిగువకు జారిన సంగతి వారి తెరపై కనిపించే వీలే లేకపోయింది.

ఆ 4096 సంకేతాలలో మూడింటిని ఆపదలకు కేటాయించారు: సాధారణ అత్యవసర స్థితికి 7700, రేడియో మూగబోతే 7600, విమానం హైజాక్ అయితే 7500. 7700 రాగానే నియంత్రణాధికారి తెరపై ఆ విమానపు గుర్తు ప్రత్యేకంగా మెరుస్తుంది. ముందు విమానాన్ని అదుపులో ఉంచుకోవటం, తరువాత దారి చూసుకోవటం, ఆ పైననే మాట్లాడటం అన్నది పైలట్లకు నేర్పే క్రమం కనుక, సినిమాలలో వినిపించే కేకల కంటే ఈ నాలుగంకెలే వారికి ఎక్కువ అక్కరకు వస్తాయి. అయితే అప్పటికే అధికారితో మాట్లాడుతున్న పైలట్‌కు, తనను ఆయన గుర్తించే ఉంటాడు గనుక, సంకేతం మార్చవలసిన పని తరచుగా ఉండదు.

ఇంతటి ఏర్పాటూ ఆ పెట్టె పలుకుతున్నంత వరకే. విమానాలు పరస్పరం హెచ్చరించుకొనే ఢీ నివారణ వ్యవస్థ కూడా దీని జవాబులపైనే ఆధారపడుతుంది. 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల మీద ఒక లెగసీ జెట్ ట్రాన్స్‌పాండర్ జవాబివ్వటం ఆగిపోయిన సంగతి దాని పైలట్లు గమనించలేదు. నేలమీది అధికారులు సకాలంలో సరిదిద్దలేదు. ఎదురుగా అదే ఎత్తులో వస్తున్న గోల్ సంస్థ బోయింగ్ 737కు హెచ్చరిక అందలేదు. బోయింగ్‌లోని 154 మందీ మరణించగా, రెక్క దెబ్బతిన్న లెగసీ క్షేమంగా దిగింది. పరికరం మౌనం వహించిందని చెప్పేందుకు ఆ కాక్‌పిట్‌లో ఉన్నవి చిన్న అక్షరాల సూచనలే కావటం వల్ల, అటువంటి సందర్భంలో పైలట్ల దృష్టిని తప్పక ఆకర్షించే హెచ్చరిక ఉండాలని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2007లో సిఫారసు చేసింది.