ఆసుపత్రి స్థలంలో మా ఇల్లెక్కడ?

ఊరి నడిబొడ్డున ఓ పాత ఆసుపత్రి మూతపడిందనుకోండి. తర్వాత ఏమవుతుంది? ముందు గేటుకి తాళం పడుతుంది. ప్రహరీ వెంట పిచ్చిమొక్కలు మొలుస్తాయి. కొన్నేళ్లు గడిచాక రంగురంగుల బోర్డొకటి వెలుస్తుంది... 'లగ్జరీ అపార్ట్‌మెంట్లు, బుకింగులు ప్రారంభం' అంటూ! ఆ ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లోనే పుట్టిపెరిగినవాళ్లు ఆ బోర్డు చదువుకుని తమ దారిన తాము పోవాలి. ఏ మహానగరంలోనైనా మామూలుగా జరిగేది ఇదే.

తూర్పు లండన్‌లోని మైల్‌ఎండ్‌లోనూ అలాగే జరగాల్సింది. కానీ అక్కడి జనం బోర్డు వెలవకముందే మేల్కొన్నారు. సర్కారు స్థలమంటే మా స్థలమే కదా, అందులో మాకు ఇళ్లెక్కడ... అని నిలదీశారు.

నూటయాభై ఏళ్ల గోడలు

ఆ ఆసుపత్రి పేరు సెయింట్ క్లెమెంట్స్. బో రోడ్డు మీద గడియారపు గోపురంతో దర్జాగా కనిపిస్తుంది కానీ, దాని పుట్టుక మాత్రం అంత సంబరమైనదేం కాదు. 1849లో అది 'వర్క్‌హౌస్'గా మొదలైంది. దిక్కూదివాణం లేని పేదలకు ఇంత తిండి పెట్టి, బదులుగా చాకిరీ చేయించుకునే చోటన్నమాట. ఆ తర్వాత రోగుల్ని చేర్చుకున్నారు. 1936లో సెయింట్ క్లెమెంట్స్ అన్న పేరొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి కొంత భాగం దెబ్బతింది. 1959 నుంచి పూర్తిగా మానసిక రోగుల ఆసుపత్రి. అలా తరతరాలుగా స్థానికులకు అది ఎత్తయిన గోడల వెనకున్న చోటే తప్ప, సరదాగా లోపలికెళ్లి చూసొచ్చే చోటు కాదు.

2005లో ఆసుపత్రి మూతపడింది. గోడలు అలాగే ఉన్నాయి.

ఆ ప్రాంతమంతా టవర్ హామ్లెట్స్ అనే బరోలోకి వస్తుంది. బరో అంటే లండన్‌లో ఓ స్థానిక పాలనా విభాగం. ఓ పక్క కానరీ వార్ఫ్‌లో ఆకాశాన్నంటే బ్యాంకుల భవనాలు. మరో పక్క ఇరుకిళ్లలో కాలం వెళ్లదీసే కుటుంబాలు. బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్లే ఇక్కడి జనాభాలో దాదాపు మూడోవంతు. అక్కడే చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న కుర్రకారు కూడా పెళ్లయ్యేసరికి పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. బళ్లో పాఠం చెప్పే టీచరమ్మకీ, వార్డులో సేవచేసే నర్సుకీ ఆ ధరల్లో ఇల్లు కొనడం కలలో మాట.

మసీదు, చర్చి... ఒకే వేదిక

మసీదులు, చర్చిలు, బళ్లు, కార్మిక సంఘాలు కలిసి ఏర్పాటు చేసుకున్న 'లండన్ సిటిజన్స్' అనే సమాఖ్య ఈ సంగతిని తలకెత్తుకుంది. చౌకగా ఇళ్లు కట్టివ్వండి అని వేడుకుంటే చాలదని వాళ్లకు త్వరగానే అర్థమైంది. ఎందుకంటే చౌకగా కొన్న ఇల్లు రేపు ఖరీదుగా అమ్ముడుపోతుంది. లాభం మొదటివాడితోనే ఆగిపోతుంది. రెండోవాడికి మళ్లీ మార్కెట్ ధరే! అందుకే వాళ్లు 'కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్' కావాలన్నారు. 2007లో ఈస్ట్ లండన్ ట్రస్టును రిజిస్టర్ చేశారు. 2008లో మేయర్ ఎన్నికలొచ్చాయి. ఓట్లడగడానికి వచ్చిన అభ్యర్థుల్ని జనం ముందు నిలబెట్టి మాట తీసుకున్నారు. అప్పుడు గెలిచిన బోరిస్ జాన్సన్ కూడా సరేనన్నవారే. ఆ మాట ఓ రూపానికి రావడానికి మాత్రం మరో నాలుగేళ్లు పట్టింది. ఎన్నికల హామీలంటే ఏ దేశంలోనైనా అంతే మరి!

దీని వేరు పోచంపల్లిలో

ఇక్కడో ముచ్చట చెప్పుకోవాలి. ల్యాండ్ ట్రస్టు అన్న ఆలోచన లండన్‌ది కాదు, అమెరికా నుంచి వచ్చింది. అమెరికా వాళ్లకు ఆ స్ఫూర్తి ఎక్కణ్ణుంచి అందిందో తెలుసా? మన దగ్గర్నుంచే!

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చారు. సాగు చేసుకోవడానికి 80 ఎకరాలుంటే చాలని అక్కడి దళిత కుటుంబాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి 100 ఎకరాలిస్తానన్నారు. అదే భూదానోద్యమానికి నాంది. ఇచ్చిన భూములు మళ్లీ చేతులు మారిపోతుంటే ఎలాగన్న చిక్కు వచ్చింది. దానికి జవాబుగా వచ్చింది గ్రామదాన్. భూమి మీద హక్కు ఊరందరిదీ. దున్నుకునేది మాత్రం ఎవరి చెక్క వాళ్లే.

రాబర్ట్ స్వాన్ అనే అమెరికన్‌ను ఈ గ్రామదాన్ ఆకట్టుకుంది. పౌరహక్కుల కోసం పోరాడుతున్న నల్లజాతి నాయకులతో ఆయన చేయి కలిపారు. 1969లో జార్జియా రాష్ట్రంలో 'న్యూ కమ్యూనిటీస్' పేరుతో తొలి ల్యాండ్ ట్రస్టు పుట్టింది. సుమారు 5,700 ఎకరాలు! కరవులు, సకాలంలో అందని అప్పులు కలిసి 1985లో ఆ భూమిని మింగేశాయి. అయినా ఆలోచన చావలేదు. పోచంపల్లి నుంచి జార్జియాకి, అక్కణ్ణుంచి బో రోడ్డుకి నడిచొచ్చింది.

ఓడి గెలిచారు

ఆసుపత్రి స్థలం కోసం ట్రస్టు కూడా టెండరు వేసింది. ఓడిపోయింది. స్థలం పెద్ద నిర్మాణ సంస్థకి దక్కింది. అక్కడితో కథ ముగిసిపోయేదే. కానీ ఇన్నేళ్ల ఒత్తిడి ఊరికే పోలేదు. ట్రస్టును కూడా కలుపుకునిపోవాలని 2012లో ఒప్పందం కుదిరింది.

ప్లాను గీయడానికి ముందు జనాన్ని కూర్చోబెట్టారు. ప్రజాభిప్రాయ సేకరణ అనగానే మనకు గుర్తొచ్చేది షామియానా, మైకు, ముందే రాసిపెట్టుకున్న తీర్మానం. ఇది వేరే పద్ధతి. బల్లమీద స్థలం పటం పరుస్తారు. చుట్టూ పదిమంది చేరి, ఈ చెట్టు ఉండాలి, ఈ దారి తెరవాలి, పిల్లలు ఇక్కడ ఆడుకోవాలి అంటూ తమ చేత్తోనే గీస్తారు. వాటన్నిటినీ ఆర్కిటెక్టులు ఒక్క నమూనాలోకి తెచ్చి, మళ్లీ వాళ్లకే చూపిస్తారు. గడియారపు గోపురమూ పాత భవనాలూ నిలిచాయి. వాటిని ఇళ్లుగా మార్చి, పక్కన కొత్తవి కట్టాలనుకున్నారు.

పనులు మొదలయ్యేలోపు 2013 వేసవిలో ఆ ఖాళీ ఆసుపత్రిలోనే ఓ పండగ చేశారు. పేరు 'షఫుల్'. సినిమాల్ని ఎంపిక చేసిందెవరనుకున్నారు... 'స్లమ్‌డాగ్ మిలియనీర్' తీసిన డానీ బాయిల్! ఆయనదీ మైల్‌ఎండే. జనం ఆ గేటు దాటి సినిమా చూడ్డానికి వెళ్లారు.

జీతాన్ని బట్టి ధర

అయితే గోపురం కన్నా, పండగ కన్నా అసలైన గెలుపు ఓ కాగితంలో ఉంది. ట్రస్టు ఇంటి ధరను మార్కెట్ నిర్ణయించదు. ఆ బరోలో మధ్యస్థంగా ఉన్న ఆదాయమెంతో చూస్తారు. అందులో మూడోవంతు వాయిదా కింద కట్టగలిగితే ఎంత ఇల్లొస్తుందో లెక్కేస్తారు. అంతే ధర! అలా ఒక పడగ్గది ఇల్లు 1,30,000 పౌండ్లకు దొరికింది. బయట దాని వెల సుమారు మూడింతలు. తిరిగి అమ్మేటప్పుడూ ఇదే సూత్రం. అప్పటి జీతాల్ని బట్టే ధర. మార్కెట్ ఎంత ఎగిరినా ఆ ఇంటికి సంబంధం లేదు.

ఇల్లు కావాలంటే బరోతో కనీసం అయిదేళ్ల అనుబంధముండాలి. ఇప్పుడుంటున్న ఇల్లు చాలక ఇబ్బంది పడుతుండాలి. వాయిదాలు కట్టగలగాలి, అలాగని మార్కెట్‌లో కొనుక్కునే స్తోమత ఉండకూడదు.

2017లో తొలి కుటుంబాలు పాలు పొంగించుకున్నాయి అందామంటే అది మన ఆచారం. పెట్టెలు దించుకుని లోపలికెళ్లాయి. లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. మొత్తం 252 ఇళ్లు. వాటిలో ట్రస్టువి 23. అంటే పదోవంతు కూడా కాదు! పదేళ్లకు పైగా తిరిగితే దక్కింది ఇంతేనా అంటే... ఇంతే. మరికొన్ని ఇళ్లను తక్కువ అద్దెకిచ్చేందుకు కేటాయించినా, ఎక్కువ భాగం మార్కెట్ ధరకే అమ్ముడుపోయింది. జనం బల్లచుట్టూ చేరి గీసిన దారుల్లో ఇప్పుడు ఎక్కువగా నడిచేది ఆ ధర పెట్టగలిగినవాళ్లే.

ట్రస్టు అక్కడితో ఆగలేదు. ఈస్ట్ అన్న మాట తీసేసి 'లండన్ ట్రస్ట్'గా మారింది. ఆ తర్వాత దక్షిణ లండన్‌లోని లూయిషామ్‌లో పాడుబడ్డ గ్యారేజీల స్థలం సంపాదించింది. 2023లో అక్కడ ఇళ్లు పూర్తయ్యాయి. మొత్తం 11. ఈసారి పదకొండుకి పదకొండూ ట్రస్టువే.