ముట్టుకుంటేనే విజ్ఞానం

కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వచ్చే పంటు మీద ఇటీవల ఒక చిన్నారి తండ్రిని అడిగిన ప్రశ్న నా చెవిన పడింది. ‘చిన్న మేకు గోదాట్లో ములిగిపోద్ది కదా నాన్నా, ఇంత ఇనప పంటు ఎందుకు ములగదు?’ భుజాన గునపం, చేతిలో క్యారేజీ ఉన్న ఆ కూలి ‘బళ్లో మేష్టార్ని అడుగమ్మా’ అన్నాడు. ఆ ప్రశ్నకు బడిలో ఏ గతి పడుతుందన్నదే నా ఆందోళన.

దాదాపు నలభై ఏళ్ల కిందట నేను చదివిన బడిలో నీటిలో తేలేవీ మునిగేవీ చూపించారు. గ్లాసులోని నీళ్లు బడి కుండలోవి. మిగతా పిల్లలు వరుసగా వచ్చి గోళీ, బెండు వేసి చూశారు. పేట పిల్లలం ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడ్డాం. ‘మీరు చూస్తే చాలు’ అన్నారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పాఠంలో తప్పు కూడా లేదు. కానీ విజ్ఞానశాస్త్రం మొదటి మాట ‘ముట్టుకుని చూడు’ అయితే, కులం మొదటి మాట ‘ముట్టుకోకు’. ఆ రోజు మేము నేర్చుకున్నది రెండోదే.

బాల అంబేడ్కర్ బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నారు. నీళ్లు పోసే బంట్రోతు రాకపోతే దాహంతోనే ఉన్నారు. ఆయన పేరు కోనసీమ జిల్లాకు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆ గుంపులోని యువకులూ బడిలో సైన్సు చదివే ఉంటారు. వారికి మార్కులు అందాయి, దృక్పథం అందలేదు. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ(హెచ్) అధికరణం చెబుతోంది. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో ఉంచడం యాదృచ్ఛికం కాదు. వృక్షశాస్త్ర అధ్యాపకుడైన గోరా ఆ సంబంధాన్ని ముందే గ్రహించారు. ఆయన కుమారుడు లవణం జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. విజ్ఞానం ఇంట్లోకి రావడమంటే అదే.

పసిపిల్లలకు విజ్ఞానం నేర్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అంగన్‌వాడీలో ఒక తపేలా, బకెట్టు నీళ్లు చాలు. ఇనుప ముద్ద మునుగుతుంది. అదే ఇనుము గిన్నెగా మారితే తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టి తేలుతుంది. పంటు రహస్యం అంతే. వరద నీటిని గ్లాసులో పట్టి ఉంచితే అడుగున పేరుకునే ఒండ్రు, కోనసీమ ఎలా పుట్టిందో చెబుతుంది.

అంతకంటే ముఖ్యం, ఆ పిల్లల ఇళ్లలోని విజ్ఞానాన్ని గుర్తించడం. ఉప్పునీళ్లలో విత్తనాలు పోసి, తేలిన తాలు గింజలను ఏరేసే కూలితల్లికి సాంద్రత అనే మాట తెలియకపోవచ్చు, సాంద్రత తెలుసు. కాయను తట్టి శబ్దంతో ముదురో లేతో చెప్పే దింపు కార్మికుడిదీ పరిశీలనే. మూడో తరగతి ‘పరిసరాల విజ్ఞానం’ పుస్తకంలోని పరిసరాల్లో పేట కూడా ఉండాలి కదా! ఆ తల్లిని ఒక్క పూట బడికి పిలిచి పాఠం చెప్పమనడానికి ఏ ఉత్తర్వు అడ్డం?

ప్రభుత్వం చేయాల్సినవి స్పష్టమే: తరగతికో ఉపాధ్యాయుడు, ప్రశ్నను తలబిరుసుగా చూడని శిక్షణ, ప్రతి పిల్ల చేతికీ అందే సామగ్రి. ఉపాధ్యాయులు చేయాల్సింది ఇంకా చిన్నది. రేపు ఆ చిన్నారి పంటు ప్రశ్న అడిగితే, గ్లాసు ముందుగా ఆమె చేతికే ఇవ్వాలి.