ఫోల్డింగ్ ఈ-సైకిల్: మడతపెట్టి ఇంట్లోకి తెస్తున్నారా.. మరి ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు?

విజయవాడలో చిట్టినగర్, మొగల్రాజపురం, గుణదల వైపు కొండవాలు ఇళ్లకు మెట్లెక్కితే గానీ గుమ్మం రాదు. కింద బండి పెట్టుకునే చోటుండదు. లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్లదీ ఇదే తిప్పలు. అలాంటివాళ్లకు మడతపెట్టే ఎలక్ట్రిక్ సైకిల్ బాగా పనికొస్తుంది. మధ్యలో క్లిప్ తీసి మడిస్తే తలుపు చాటున సర్దుకుంటుంది. సైజు చిన్నదే గానీ బరువు చాలా మోడళ్లలో 18 నుంచి 25 కిలోలు. అంటే దాదాపు బియ్యం బస్తా! షాపులోనే ఒకసారి ఎత్తి చూడటం మంచిది.

డెల్టా నేలంతా చదునే కాబట్టి మోటారుకు పెద్దగా కష్టం ఉండదు.. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు తప్ప. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఫుల్ కావడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. తొక్కుతూ వెళ్తే 30 కిలోమీటర్ల దాకా లాగుతుంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. స్పీడ్ లాక్ తీసేయించుకుంటే మాత్రం ఆ మినహాయింపు పోతుంది.

అసలు జాగ్రత్త బ్యాటరీ దగ్గర. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేట ప్రాంతంలో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని బెడ్రూంలో ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. తెల్లవారుజామున అది పేలి ఇంటి యజమాని చనిపోయారు. భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ ఏడాది ఇలాంటి ప్రమాదాలు వరుసగా జరగడంతో రిజిస్ట్రేషన్ ఉండే ఎలక్ట్రిక్ టూవీలర్ల బ్యాటరీలకు కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాలను కఠినం చేసింది. రిజిస్ట్రేషన్ లేని సైకిల్ కొనేవాళ్లు బ్యాటరీ టెస్ట్ రిపోర్టు తామే అడిగి చూసుకోవాలి.

లిథియం బ్యాటరీలో ఒక సెల్ షార్టయితే వేడి పక్క సెల్‌కు పాకుతుంది. నిమిషాల్లో మొత్తం అంటుకుంటుంది. అందుకే పడకగదిలో, బయటికెళ్లే దారిలో ఛార్జింగ్ వద్దు. రాత్రంతా వదిలేయొద్దు. చవగ్గా దొరికిందని వేరే ఛార్జర్ వాడొద్దు.. 36 వోల్టుల బ్యాటరీకి ఛార్జర్ 42 వోల్టులే ఇవ్వాలి, 48 వోల్టుల బండి ఛార్జర్ 54 దాటి ఇస్తుంది. పిన్ సరిపోయినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. బెజవాడ ఎండలో తిరిగొచ్చాక బ్యాటరీని ఓ అరగంట నీడలో చల్లారనివ్వాలి.

ఇంకో మాట వరద గురించి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాల్లో ఇళ్ల ముందున్న బళ్లన్నీ నీళ్లలో మునిగాయి. నీళ్లు తగ్గాక బ్యాటరీ పైకి పొడిగానే కనిపిస్తుంది. లోపల తేమ ఉంటే రోజుల తర్వాత కూడా షార్టవ్వొచ్చు. ఒకసారి ఛార్జింగ్ పెట్టి చూద్దాం అనుకోవద్దు. ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి, సర్వీస్ సెంటర్ వాళ్లు చూశాకే ముట్టుకోండి.