జాతీయ సేవలో బదిలీ జాప్యం: నైజీరియా ఉదాహరణ

1967–70 అంతర్యుద్ధం మిగిల్చిన వైరాలను చల్లార్చే ఉద్దేశంతో నైజీరియా 1973లో జాతీయ యువజన సేవా దళాన్ని నెలకొల్పింది. 30 ఏళ్ళు దాటకముందే పట్టభద్రులైనవారు ఏడాదిపాటు, సాధారణంగా పరాయి రాష్ట్రంలో, పనిచేయాలి. 3 వారాల శిబిరం ముగిశాక బడికో, ఆసుపత్రికో, కార్యాలయానికో పంపుతారు. అనారోగ్యం, వివాహం వంటి కారణాలతో బదిలీ కోరవచ్చు. చిక్కంతా ఉత్తర్వు అందేలోగా గడపవలసిన కాలంతోనే.

వైద్యుడిగా నాకు మొదట తోచేది సికిల్ సెల్ వ్యాధి. నైజీరియాలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు ఆ జన్యువాహకులు. వ్యాధిగ్రస్తులకు మలేరియా, ఒంట్లో నీరు తగ్గడం వంటివి ప్రాణాంతకం కాగలవు. అందువల్ల వైద్య నివేదికలో వ్యాధి పేరొక్కటే చాలదు. ఏ చికిత్స, ఎంత తరచుగా అవసరమో, పంపినచోట అందులో ఏది దొరకదో, ఆలస్యమైతే కలిగే ముప్పేమిటో స్పష్టంగా ఉండాలి. కారణం తెలియని అధికారి దరఖాస్తును వరుసలోనే ఉంచుతాడు.

ఉత్తర్వు రాకముందే చోటు విడవడం మాత్రం ప్రమాదకరం. అనుమతిలేని గైర్హాజరు సేవాకాలాన్ని పొడిగించగలదు. విధుల్లో చేరి, దరఖాస్తు ప్రతులను భద్రపరచుకొని, స్థానిక అధికారికి పరిస్థితిని రాతపూర్వకంగా తెలపాలి. సమీపంలో రక్తమార్పిడి సౌకర్యమున్న ఆసుపత్రిని ముందే గుర్తించుకోవాలి. వ్యాధి ముదిరితే చికిత్సే ముందు; సెలవు కాగితం వెంటనే నడవాలి.

దస్త్రం ఆగవచ్చు, మందు ఆగకూడదు.