టర్న్ ది లైట్స్ బ్యాక్ ఆన్

"టర్న్ ది లైట్స్ బ్యాక్ ఆన్" అమెరికాకు చెందిన గాయకుడు, గేయరచయిత, పియానో వాద్యకారుడు బిల్లీ జోయెల్ పాడిన పాప్ గీతం. కొలంబియా రికార్డ్స్ సంస్థ దీనిని 2024 ఫిబ్రవరి 1న సింగిల్‌గా విడుదల చేసింది. సింగిల్ అనగా ఆల్బమ్ మొత్తంతో కాక విడిగా వెలువరించే పాట. పాట పేరుకు "దీపాలను తిరిగి వెలిగించడం" అని అర్థం. అప్పటికి జోయెల్ వయసు 74 సంవత్సరాలు.

నేపథ్యం

జోయెల్ 1949 మే 9న న్యూయార్క్ నగరంలో జన్మించాడు. 1973లో విడుదలైన "పియానో మ్యాన్" పాట పేరే తరువాత అతనికి బిరుదుగా స్థిరపడింది. 1993లో "రివర్ ఆఫ్ డ్రీమ్స్" ఆల్బమ్ వెలువడిన పిమ్మట అతడు పాప్ గీతాల రచనను దాదాపుగా విరమించాడు. ఆ ఆల్బమ్‌లోని ఆఖరి పాట పేరు "ఫేమస్ లాస్ట్ వర్డ్స్" (ప్రసిద్ధమైన చివరి మాటలు) కావడం గమనార్హం. 2001లో పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో పియానో స్వరరచనలు వెలువరించాడు. వాటికి సాహిత్యం లేదు. 2007లో రెండు పాటలు వచ్చినా, వాటిలో అతడు స్వయంగా పాడినది "ఆల్ మై లైఫ్" ఒక్కటే.

అయితే అతడు వేదికను విడిచిపెట్టలేదు. 2014 జనవరి నుండి 2024 జూలై వరకు న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వరుస కచేరీలు చేశాడు. శ్రోతలు వేలాదిగా వచ్చి పాత పాటలనే విని ఆనందించేవారు. పాడటం ఆగలేదు, రాయడమే ఆగింది.

రచన, సంగీతం

యువ గేయరచయిత, నిర్మాత ఫ్రెడ్డీ వెక్స్‌లర్ తన వద్ద అసంపూర్తిగా ఉన్న పాటను వినిపించగా జోయెల్ దానిని పూర్తిచేయడానికి అంగీకరించాడు. ఆర్థర్ బేకన్, వేన్ హెక్టర్‌లు కూడా రచనలో పాలుపంచుకున్నారు.

పాటకు పియానోయే ఆధారం. మూడేసి మాత్రలుగా సాగే దీని నడక కర్ణాటక సంగీతంలోని తిశ్ర గతిని తలపిస్తుంది. పియానోతో నెమ్మదిగా మొదలై, తంత్రీవాద్యాలు చేరేకొద్దీ గంభీరమవుతుంది. దూరమైన ఆత్మీయురాలిని ఒక వ్యక్తి క్షమాపణ కోరుతూ, తాను మరీ ఆలస్యం చేశానా అని సందేహించడం ఇందలి విషయం. సుదీర్ఘ మౌనం తరువాత ఒక కళాకారుడు తన శ్రోతలను అడిగిన ప్రశ్నగా కూడా దీనిని అన్వయించుకోవచ్చు.

ప్రదర్శన, వీడియో

2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజిల్స్‌లో జరిగిన 66వ గ్రామీ పురస్కారాల సభలో జోయెల్ ఈ పాటను పాడాడు. అదే నెలలో విడుదలైన వీడియోలో కృత్రిమ మేధ సాయంతో అతని గత దశాబ్దాల రూపాలను సృష్టించారు. వేర్వేరు వయసుల జోయెల్‌లు ఒకే పాటను పాడుతున్నట్లు కనిపించడం వలన గడిచిపోయిన కాలమే పాటకు వస్తువైనట్లు తోస్తుంది.

తదనంతరం

2025 మే నెలలో జోయెల్‌కు మెదడులో ద్రవం అధికంగా చేరే నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫాలస్ అనే వ్యాధి ఉన్నట్లు ప్రకటించారు. వినికిడి, చూపు, శరీర సమతౌల్యం దెబ్బతినడంతో ముందుగా నిర్ణయించిన కచేరీలన్నీ రద్దయ్యాయి. ఆ విధంగా, ఆలస్యాన్ని గురించి ప్రశ్నించిన ఈ పాట సకాలంలోనే వెలువడినట్లయింది.